నాదం చెక్కదా, తీగచుట్టదా?

క్రిందటి దసరా సెలవుల్లో మా మేనల్లుడు అప్పు కోసం నా దగ్గరకు వచ్చాడు. బ్యాంకుకు కాదు, ఇంటికే. బెంగుళూరులో నలుగురు స్నేహితులతో కలిసి పాటల బృందం నడుపుతున్నాడు. ఉన్న ఎలక్ట్రిక్ గిటారు అమ్మేసి, దానికి మూడింతలు ధర పలికే ఇంకొకటి కొంటాడట. “రెంటికీ తేడా ఏమిట్రా?” అని అడిగాను. “చెక్క, మామయ్యా. ఇది మహాగని. ఆ నాదమే వేరు” అన్నాడు.

నాకు పాట వినడమే గాని వాయించడం రాదు. అయితే ముప్పై ఏళ్లుగా తనఖా పత్రాలు చూస్తున్నవాణ్ణి. దేనికి విలువ కడుతున్నామో తేల్చుకోకుండా అప్పివ్వడం మా వృత్తిలో లేదు. అందుకని ఈ చెక్క సంగతి విచారించడం మొదలుపెట్టాను. ఆ విచారణ నన్ను 1930ల నాటి లాస్ ఏంజెలిస్ దాకా లాక్కుపోయింది.

ముందు మనకు తెలిసిన వీణ దగ్గర మొదలుపెడదాం. బొబ్బిలిలో వీణను పనస కొయ్యతో చేస్తారు. ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణకు గౌరవం ఎక్కువ. తీగ ఒంటరిగా మోగితే పక్కగదికి కూడా వినపడదు. తీగ కదలిక బ్రిడ్జి మీదుగా కుండలోకి దిగి, కొయ్యనూ లోపలి గాలినీ కదిలిస్తేనే మన చెవిదాకా వస్తుంది. కనుక వీణలో చెక్కదే నాదం అంటే ఎవరూ కాదనలేరు. మామూలు గిటారుకు కూడా ఇదే న్యాయం.

1920లలో అమెరికా నాట్యశాలల్లో బాకాలు, డప్పులు హోరెత్తించేవి. వాటి మధ్య గిటారు వాయించేవాడి చేతులు కదలడం కనపడేది తప్ప శబ్దం వినపడేది కాదు. అలాంటి బాధితుల్లో జార్జి బీచమ్ ఒకడు. అతను వాయించింది హవాయి గిటారు. ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీని తీగల మీద జార్చే పద్ధతి అది. మన గోటువాద్యం చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అయస్కాంతం దగ్గర లోహం కదిలితే, పక్కనున్న రాగి తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం. బీచమ్ రెండు గుర్రపునాడా అయస్కాంతాలను తీగల చుట్టూ అమర్చి, కింద రాగి చుట్ట పెట్టాడు. ఇదే పికప్. 1931లో చేసిన నమూనాకు చెక్క ఒళ్ళే ఉంది. కాని 1932లో ఆడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి అమ్మకానికి పెట్టిన వాయిద్యం పోత అల్యూమినియంతో చేసినది. గుండ్రటి ఒళ్ళు, పొడవాటి కాడ; జనం దాన్ని వేపుడు పెనం అన్నారు. 1934లో పేటెంటుకు దరఖాస్తు పెడితే, ఇది అసలు పనిచేస్తుందా అని ఆ కార్యాలయం వారికే సందేహం వచ్చింది. వాద్యకారులను వాషింగ్టన్ పంపి, వాయించి చూపించాల్సి వచ్చిందట. చివరికి 1937లో పేటెంటు చేతికందింది.

ఇక్కడ నేను ఆగిపోయాను. అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటారులో చెక్కే లేదన్నమాట. అల్యూమినియంతో వచ్చిన చిక్కు నాదం గురించి కాదు, వేడి గురించి. రంగస్థలం దీపాలకు లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. దానికి మందుగా 1935లో ఏం వాడారనుకున్నారు? బేకలైట్. మన పాత ఇళ్లలో నల్లటి కరెంటు స్విచ్చులు చేసిన పదార్థమే.

మరి చెక్క ఎలా తిరిగొచ్చింది? జనం కళ్ల కోసం వచ్చిందనిపిస్తుంది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు న్యూయార్కులోని ఎపిఫోన్ కార్ఖానాలో ఆదివారాలు కూర్చుని, నాలుగంగుళాల చదరపు పైన్ దూలానికి తీగలు, పికప్‌లు బిగించాడు. దానికి ‘దుంగ’ అనే పేరు పెట్టాడు. దుంగను పట్టుకుని వేదికెక్కితే ఎవరూ పట్టించుకోలేదని ఆయనే తరువాత చెప్పేవాడు. ఒక మామూలు గిటారును నిలువునా కోసి, ఆ రెండు ముక్కలను దుంగకు చెరోపక్క రెక్కల్లా తగిలించాడు. అప్పుడు చప్పట్లు పడ్డాయట. మోగేది మధ్యనున్న దూలం, మెచ్చింది పక్కనున్న రెక్కలను!

తరువాతివాడు లియో ఫెండర్. ఈయన మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, దాచను. కామర్సు మనిషి. లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ ఆర్థిక మాంద్యంలో అది పోగొట్టుకుని, 1938లో 600 డాలర్ల అప్పుతో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం పెట్టాడు. గిటారు వాయించడం ఆయనకూ రాదు. 1950లో బజారులో పెట్టిన గిటారు ఒక పలక, దానికి నాలుగు మరలతో బిగించిన మేపుల్ దండి, రెండు పికప్‌లు. అంతే. 1951 నుంచి దాని పేరు టెలికాస్టర్. మొదటి నమూనాలకు పైన్ వాడారు, తరువాత యాష్, 1956 నుంచి చాలావాటికి ఆల్డర్. ఆల్డర్ చెక్క మీద రంగు సులువుగా పడుతుంది, యాష్‌కు రంధ్రాలు పూడ్చే పని ఎక్కువ. ఈనాడు ‘ఆల్డర్ నాదం’, ‘యాష్ నాదం’ అని జనం రెండు పక్షాలుగా కొట్టుకుంటున్న తేడా వెనక, కార్ఖానాలో కూలి ఖర్చుకు పెద్ద పాత్రే ఉంది.

పాత పేరున్న గిబ్సన్ కంపెనీ దీనికి జవాబుగా 1952లో లెస్ పాల్ పేరు పెట్టి మహాగని గిటారు తెచ్చింది. మీద మేపుల్ చెక్కను గుమ్మటంలా చెక్కి అతికించారు. ఫెండర్ దగ్గర అలా చెక్కే యంత్రం లేదు, అదీ ఒక కారణం. ఆ గిటారు చరిత్రలో నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం చెక్క కాదు, 1955లో సెత్ లవర్ తయారుచేసిన పికప్. పాత పికప్‌లు కరెంటు లైను గుర్రును కూడా పట్టుకునేవి. ఆయన రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపాడు. ఒకదాని గుర్రు రెండోదాని గుర్రును కొట్టేస్తుంది, తీగ నాదం మాత్రం మిగులుతుంది. మా లెక్కల్లో జమకూ ఖర్చుకూ చెల్లు వేసినట్టు. చుట్టకు సుమారు 5,000 చుట్లు ఉండాలి. కాని చుట్టడం కచ్చితంగా సాగలేదు, ఒకదానికి ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ పడేవి. అయస్కాంతాలు కూడా చేతికి దొరికిన రకం. కనుక 1958–60 మధ్య చేసిన ఆ గిటార్లలో ఏ రెండూ ఒకేలా మోగవు. అవి రెండు వేల లోపే తయారయ్యాయి, అమ్ముడుపోక ఆ రూపాన్నే మానేశారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ వాయించిన రికార్డు తరువాత వాటికి గిరాకీ పెరిగింది. ఈనాడు ఒక్కొక్కటి లక్షల డాలర్లు పలుకుతుంది. కొన్నవాడికి కంటికి కనిపించేది మెరిసే మేపుల్ చార. చుట్ల లెక్క రేకు మూత కింద దాగి ఉంటుంది. బ్యాలెన్సు షీటులో గుడ్‌విల్ అని ఒక పద్దు ఉంటుంది చూడండి, చెక్కకు ఆ పద్దు దక్కిందని నా అనుమానం.

ఇదంతా చెబితే మా వాడు ఒప్పుకోలేదు. గిటారు ఒంటి మీద వేలితో తట్టాడు, ఆంప్లిఫయరులో టక్కుమంది. “చూశావా, చెక్క వినపడుతోంది!” అన్నాడు. వాదన బాగానే ఉంది. అయితే తడితే తీగలూ కదులుతాయి, చుట్ట కూడా కదులుతుంది. పికప్ పట్టుకున్నది వాటి మధ్య కదలికను. వీణకు పెట్టే కాంటాక్ట్ మైకు సంగతి వేరు, అది కొయ్య కదలికనే నేరుగా పట్టుకుంటుంది. గిటారు పికప్‌కు ఉక్కు తీగ ఒక్కటే భాష. నైలాను తీగ కట్టండి, నోరు విప్పదు.

అలాగని చెక్కకు ఏ పాత్రా లేదని తోసేయడం కూడా న్యాయం కాదు. జర్మనీలో ఫ్లైషర్, స్విక్కర్ అనే శాస్త్రజ్ఞులు 1990లలో గిటార్ల దండిని కొలిచి చూశారు. కొన్ని మెట్ల దగ్గర దండి తీగ శక్తిని పీల్చేసుకుంటుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది. అంటే తీగ ఎంతసేపు బతకాలన్నది చెక్క కొంత నిర్ణయిస్తుంది. బతికినంతసేపు ఏ గొంతుతో పలకాలన్నది ఎక్కువగా పికప్, అది ఉన్న చోటు, ఆంప్లిఫయరు నిర్ణయిస్తాయి. కొన్నేళ్ల కింద నాష్‌విల్‌లో ఒక వాద్యకారుడు గిటారే లేకుండా రెండు బల్లల మధ్య గాలిలో తీగలు లాగికట్టి, కింద పికప్ పెట్టి వాయించాడు. టెలికాస్టర్‌లాగే మోగింది.

ఈ తగువు మనకు కొత్తదేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌తో కచేరీ వేదికెక్కినప్పుడు, కరెంటు వాయిద్యంలో కర్ణాటక సంగీతమేమిటని పెదవి విరిచినవాళ్లున్నారు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. మీటితే టింగుమని ఆగిపోతుంది. ఆగిపోయే స్వరం మీద గమకం ఎలా పలుకుతుంది? ఆయన జంటలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. ఆరిపోతున్న స్వరాన్ని కరెంటు వినిపిస్తూ ఉంటే, దాని మీద తోడిని, భైరవిని వేలితో లాగి పలికించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదలైన ఆ ప్రయాణం 2014 సెప్టెంబరులో చెన్నైలో ఆగిపోయింది. కరెంటు లేకపోతే ఆ నాదం లేదు. ఆ వేళ్లు లేకపోతే కరెంటు ఉండీ లాభం లేదు.

చెక్క కథలో మన వాటా ఇంకొకటి ఉంది. గిటారు మెట్ల పలకకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. అది అంతరించిపోతోందని 1992లో అంతర్జాతీయ వ్యాపారం ఆపేశారు. దాని చోటు ఎక్కువగా మన జిట్రేగి తీసుకుంది. కన్నడంలో బీటె అంటాం, పడమటి కనుమల అడవుల సొత్తు. ఎగుమతుల విభాగంలో ఉన్నప్పుడు కలప సరుకుల షిప్పింగు బిల్లులు నా బల్ల మీదికి వస్తుండేవి. సరుకు వర్ణనలో ఒక మాట, కోడులో ఒక అంకె తప్పితే ఏమవుతుందో మాకు తెలుసు. కనుక 2011 ఆగస్టులో అమెరికా అధికారులు గిబ్సన్ కార్ఖానాల మీద దాడి చేశారని చదివినప్పుడు నేను మొదట వెతికింది ఆ కోడునే. మన దేశం కోసిన కలప ఎగుమతిని నిషేధించింది, తయారైన వస్తువును కాదు. మెట్లు ఇంకా బిగించని పలక వస్తువా, కలపా? తగువంతా అక్కడే. మన ఇండియా పలకల వర్గీకరణలో అస్పష్టత ఉందని చివరికి ఒప్పుకున్నారు. ముందటి మడగాస్కర్ నల్లకొయ్య వ్యవహారం ముఖ్యంగా, 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి మీద ఆంక్షలు వచ్చాయి, 2019 చివర్లో తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. చెవికి తేడా తెలిసీ తెలియని ఒక పలక కోసం ఒక చెట్టు అడవిలో నూరేళ్లు పెరగాలి. ఆ ఖర్చు ఏ లెడ్జరులోనూ ఎక్కదు.

మా వాడికి అప్పు ఇచ్చాను, కొత్త గిటారుకు కాదు, పాతదానికి మంచి పికప్‌లు వేయించడానికి. వేయించుకొచ్చి మా వసారాలో గంటసేపు వాయించాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “కొత్తది కొన్నావట్రా?” అంది. వాడు తల గోక్కున్నాడే తప్ప చెక్క విషయంలో ఓటమి ఒప్పుకోలేదు. మహాగని దొరికితే చూస్తానన్నాడు. మెట్ల పలక ఏ కొయ్యరా అని అడిగితే, “రోజ్‌వుడ్, ఇండియన్” అన్నాడు. ఆరు కంతుల్లో తీర్చాలని ఒప్పందం. ఇంకా రెండు బాకీ ఉన్నాయి.