రాగిరేకుల మీద భారతదేశం

18వ శతాబ్దపు కలకత్తాను గురించి చెప్పే చరిత్ర పాఠ్యపుస్తకాలలో తరచుగా ఒక తరహా చిత్రం కనబడుతుంది. పుటలో సగానికి పైగా ఆకాశం. దాని క్రింద తెల్లని మేడలు, వాటి నీడలు. వీధిలో ఒక పల్లకి, ఒక ఎద్దుబండి, నలుగురైదుగురు మనుషులు. బొమ్మ అడుగున చిన్న అక్షరాలలో డేనియల్ అని ఉంటుంది. పాఠం చెప్పేవారు గాని, చదివేవారు గాని ఆ పేరు దగ్గర ఆగరు. ముప్పై యేండ్లు బడిలో పాఠాలు చెప్పిన వాడిని గావున ఈ మాట ధైర్యంగానే అనగలను. తెలుగు పాఠాలు చెప్పేవారము కవి కాలాదులు చెప్పనిదే పద్యం మొదలుపెట్టము. బొమ్మ వేసినవానికి మాత్రం ఆ మర్యాద దక్కదు.

ఆ పేరు ఒకరిది కాదు, ఇద్దరిది. పినతండ్రి థామస్ డేనియల్, అతని సోదరుని కుమారుడు విలియం డేనియల్. ఫోటోగ్రఫీ పుట్టడానికి అర్ధశతాబ్దం ముందు కన్యాకుమారి ప్రాంతం నుంచి హిమాలయ పాదాల వరకు తిరిగి, చూచినదానిని చూచినట్లు గీయాలని పూనుకొన్న చిత్రకారులు వీరు. వారి జీవితాన్ని గూర్చి చెప్పేవారు సాధారణంగా ఆ యాత్రనే చెప్పి ఊరుకుంటారు. నా మట్టుకు నాకు ఆ యాత్ర సగమే అనిపిస్తుంది. మిగిలిన సగం లండనులో, ఒక ఇంటిలో, రాగిరేకుల ముందు గడిచినది. మనం నేడు చూచే డేనియల్‌ల భారతదేశం అక్కడ తయారైనదే.

థామస్ 1749లో ఇంగ్లండులో జన్మించినాడు. చిన్ననాడు బండ్లకు రంగులు, కులచిహ్నాలు వేసే పనిలో శిష్యరికం చేసినాడు. 1773లో లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో చేరి, ప్రకృతిదృశ్యాలు వేసి ప్రదర్శనలకు పంపుతూ వచ్చినాడు. అయితే ఆ విద్యలో అక్కడ పోటీ మెండు, సంపాదన కొద్ది. విలియం 1769లో పుట్టినాడు. పదేండ్ల వయసులో తండ్రి పోగా పినతండ్రి పంచన చేరినాడు. తూర్పు ఇండియా కంపెనీ వారి నుంచి బెంగాలులో చెక్కడపు పని చేసికొనుటకు అనుమతి సంపాదించి, థామస్ 1785లో ఓడ ఎక్కినాడు. వెంట వచ్చిన విలియంకు అప్పటికి పదహారేండ్లు. చైనాలోని కాంటన్ మీదుగా తిరిగి 1786లో వారు కలకత్తా చేరినారు.

అక్కడ మొట్టమొదట చేసిన పని ఆ నగర దృశ్యాలు పన్నెండింటిని రాగిరేకుల మీద చెక్కి అచ్చువేయడం. 1786 నుంచి 1788 వరకు రెండేండ్లు పట్టినది. ఆ పనికి కావలసిన కార్ఖానా అక్కడ లేదు, పని తెలిసినవారూ లేరు. రేకు కొట్టడం మొదలు అచ్చు తీయడం వరకు తానే చేసికోవలసి వచ్చినదని థామస్ ఒక మిత్రునికి రాసిన లేఖలో వాపోయినాడు. స్థానికులైన పనివారికి నేర్పి, వారి చేత సాయం చేయించుకొన్నాడు. ఆ పన్నెండు చిత్రాలలో కలకత్తా పాత న్యాయస్థాన భవనం ఒకటి. 1792లో ఆ భవనాన్ని పడగొట్టినారు. బొమ్మ ముగిసిన నాలుగేండ్లకే అసలు లేకుండా పోయి, బొమ్మయే మిగిలినది.

1788లో ఇద్దరూ గంగానది మీద పడవలో ఎగువకు బయలుదేరినారు. వీరికి ముందు, 1780 నుంచి 1783 వరకు, విలియం హాడ్జెస్ అనే చిత్రకారుడు ఆ దారిన తిరిగి భారతదేశ దృశ్యాలు ప్రచురించి ఉన్నాడు. డేనియల్‌లు హాడ్జెస్ బొమ్మలు దగ్గర పెట్టుకొని, ఆయా స్థలాలకు వెళ్లి సరిచూచినారు. మన పండితులు ప్రతులు పెట్టుకొని పాఠాంతరాలు చూచినట్లన్న మాట. హాడ్జెస్ చేతిలో కట్టడాలు భావానికి అనుగుణంగా వంగుతాయి. కొలతలో తేడాలు వస్తాయి. వీరికి అది నచ్చలేదు. కెమెరా అబ్స్క్యూరా అనే చీకటిపెట్టెను వాడినారు. ఒక కటకం ద్వారా ఎదుటి దృశ్యం లోపలి కాగితం మీద పడుతుంది. ఆ రేఖల వెంట పెన్సిలు నడపడమే. కాశీ దశాశ్వమేధ ఘట్టం, ఆగ్రా, మథుర, బృందావనం, ఢిల్లీ ఇట్లా కాగితం మీదికి వచ్చినవి. దినదిన యాత్రావిశేషాలను విలియం ఒక పుస్తకంలో రాసుకొన్నాడు.

1789 వేసవిలో వారు గఢ్వాల్ కొండలలోని శ్రీనగరం వరకు వెళ్లినారు. ఐరోపావారిలో అంత లోపలికి వెళ్లినవారు అప్పటికి చాల అరుదు. ఆ ఊరి రాజు యుద్ధంలో ఉన్నాడు; జనం మూటాముల్లె కట్టుకొని అలకనంద మీది త్రాళ్ల వంతెన దాటి పారిపోతున్నారు. ఆ వంతెనను, దాని మీద నడిచే జనాన్ని డేనియల్‌లు చిత్రించినారు. 1894లో ఎగువన కొండచరియ అడ్డుపడి ఏర్పడిన గోహనా చెరువు తెగి, ఆ వరదలో పాత శ్రీనగరం కొట్టుకుపోయినది. ఆ ఊరి పాత రూపం కావలసినవారు నేడు వెదకవలసినది ఈ చిత్రాలలోనే.

తిరుగు ప్రయాణంలో భాగల్పూరులో శామ్యూల్ డేవిస్ అనే కంపెనీ ఉద్యోగి ఇంట సుమారు ఏడాది పాటు నిలిచి, తెచ్చిన గీతలను తైలవర్ణ చిత్రాలుగా మార్చినారు. ఈ డేవిస్ తానూ చిత్రకారుడే. అంతేకాక, సూర్యసిద్ధాంతాన్ని అధ్యయనం చేసి హిందువుల జ్యోతిర్గణితం మీద వ్యాసం రాసినవాడు. ఒకే కప్పు క్రింద గ్రహణ గణితమూ, వర్ణచిత్రాలూ సాగిన ఆ ఏడాదిని తలచుకొంటే ముచ్చట వేస్తుంది.

కలకత్తా చేరి తమ తైలవర్ణ చిత్రాలను లాటరీ పెట్టినారు. అప్పటికి మన దేశంలో చిత్రప్రదర్శనశాలలు లేవు. బొమ్మలు అమ్ముడుపోవడానికి అదొక ఉపాయం. చీటీలు కొన్నవారిలో అదృష్టవంతులకు బొమ్మ, చిత్రకారునికి తదుపరి యాత్రకు బత్తెం. ఆ డబ్బుతో 1792లో ఓడ మీద చెన్నపట్నం వచ్చినారు.

ఆ మార్చిలోనే శ్రీరంగపట్నం సంధితో మూడవ మైసూరు యుద్ధం ముగిసినది. టిప్పు సుల్తాను పేరు ఇంగ్లండులో మారుమ్రోగుతున్న కాలం. ఆ యుద్ధం జరిగిన కొండకోటలకు బొమ్మలు గీస్తే కొనేవారుంటారని వీరికి తెలుసు. ఏప్రిల్ నెల ఎండలో పల్లకీలు, బోయీలు, సామాను మోసే ఎద్దులతో చెన్నపట్నం నుంచి బయలుదేరినారు. రాయకోట, వీరభద్రదుర్గం, హోసూరు చిత్రించినారు. ఆ సీమలో తెలుగు మాట్లాడేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. అక్కడి నుంచి దక్షిణంగా తిరుచిరాపల్లి, మధుర, రామేశ్వరం, పాపనాశం జలపాతం, తంజావూరు.

తెలుగు చదువుకొన్నవారు ఈ మధుర, తంజావూరు చిత్రాల దగ్గర కొంతసేపు నిలవాలి. సాహిత్యచరిత్రలో దక్షిణాంధ్రయుగమని మనం పాఠం చెప్పేది ఈ రాజధానులను గురించియే. రఘునాథనాయకుడు, చేమకూర వేంకటకవి, విజయరాఘవుని కొలువు, యక్షగానాలు: పేర్లన్నీ కంఠస్థమే. ఆ రాజుల మేడలు ఎట్లుండెనో మాత్రం మనస్సుకు తట్టదు. 1623 నుంచి 1659 వరకు మధురను ఏలిన తిరుమలనాయకుని భవనాన్ని అతని మనుమడు చొక్కనాథుడే చాలవరకు విప్పించి తిరుచిరాపల్లికి తరలించినాడు. మిగిలిన భాగాన్ని 19వ శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ మరమ్మతు చేయించినాడు. ఈ రెండింటికీ నడుమ, కప్పులు కూలి, స్తంభాల నడుమ మొక్కలు మొలిచిన దశలో డేనియల్‌లు దానిని చూచినారు. తిరుమలనాయకుని మండపాన్ని, తంజావూరు పెద్ద నందిని కూడ గీసినారు. ఆ గీసినవారికి విజయవిలాసం తెలియదు. అది చదివిన మనమేమో ఆ బొమ్మలను వెదకి చూడలేదు.

చెన్నపట్నంలో కోట, నల్లవారి పట్నం, పరంగికొండ చేరువ ఆర్మీనియన్ వంతెన బొమ్మలయినవి. ఆ వంతెన ఇప్పుడు లేదు. దాని స్థానంలో సైదాపేట వద్ద కొత్త వంతెన ఉన్నది. 1793లో ఇంకొక లాటరీ నడిపి బొంబాయి వెళ్లి, ఎలిఫెంటా, కార్లే గుహలు చూచి, 1794 సెప్టెంబరులో స్వదేశం చేరినారు. పదహారేండ్ల కుర్రవాడు ఇరవై ఐదేండ్ల వాడై తిరిగి వచ్చినాడు.

ఇక అసలు తపస్సు మొదలు. లండనులో హౌలాండ్ వీధి ఇంటిలో పెట్టెల కొద్దీ గీతలు విప్పినారు. వీటిని ఆక్వాటింట్ పద్ధతిలో అచ్చువేయాలి. రాగిరేకు మీద సన్నని గుగ్గిలపు పొడి రాల్చి వేడి చేస్తే ఆ రేణువులు రేకునంటుకొంటాయి. దానిని ఆమ్లంలో ముంచితే రేణువుల సందులలో రాగి తినబడి, మసక నీడ పట్టే గుంటలేర్పడతాయి. తేలికగా ఉండవలసిన చోట వార్నిషు పూసి ఆపి, ముదురు కావలసిన చోటును మళ్లీ ముంచాలి. ఒక మేఘానికే ఇట్లా ఎన్నో ముంచడాలు. ఒక్క క్షణం ఎక్కువైతే ఆకాశం బురద అవుతుంది. అచ్చుతీసిన పిమ్మట ఒక్కొక్క ప్రతికీ చేతితో నీటిరంగులు వేయాలి. ఉదయం ఆరు మొదలు అర్ధరాత్రి వరకు ఏడేండ్లపాటు విలియం ఈ పనిలో మునిగి ఉన్నాడని చెబుతారు.

1795 నుంచి 1808 వరకు ఆరు భాగాలుగా 144 చిత్రాలతో ఓరియంటల్ సీనరీ వెలువడినది. మొత్తం వెల 210 పౌండ్లు. ధనవంతులకు తప్ప అందేది కాదు. ఇందులో ఎల్లోరా భాగం జేమ్స్ వేల్స్ అనే మరొక చిత్రకారుని గీతల నుంచి చేసినది. దేశంలో తిరిగినది సుమారు ఎనిమిదేండ్లు, అచ్చులో పెట్టడానికి పదమూడేండ్లు. అది చాలదన్నట్లు థామస్ అదే గీతల నుంచి తైలవర్ణాలు వేసి ఏటేటా రాయల్ అకాడమీ ప్రదర్శనలకు పంపుతూనే వచ్చినాడు. 1799లో అతనిని పూర్తి సభ్యునిగా ఎన్నుకొన్నారు. విలియంకు ఆ గౌరవం 1822లో దక్కినది. సెజిన్‌కోట్ అనే జమీలో ఉద్యానానికి థామస్ ఒక గుడి, నందులున్న వంతెన రూపకల్పన చేసినాడు. బ్రైటన్‌లో యువరాజు కట్టించిన రాజమందిరపు గుమ్మటాలకు వీరి చిత్రాలు ఒక ఆధారం. ఇంగ్లీషువారి భోజనపు పళ్లాల మీదికి కూడ మన గుళ్లు, గోపురాలు ఎక్కినవి.

ఇంతకూ వారు చూచినది చూచినట్లే వేసినారా? రేఖ వరకు అవును. ఆ పైని ఎండ, మబ్బు, చెట్టునీడ లండనులో జ్ఞాపకం నుంచి కలిపినవి. అందుకే ఆ చిత్రాలలో మన మే నెల ఎండ కూడ పెద్దగా కాలదు. ఆకాశం ఎప్పుడూ సాయంకాలపు చల్లదనంతో ఉంటుంది. మనుషులు కట్టడం ఎత్తు తెలియడానికి కొలబద్దల వలె నిలబడి ఉంటారు. వారి కష్టసుఖాలు ఆ చిత్రాలకు పట్టవు. యుద్ధాలు జరిగిన నేలలో ఇంత ప్రశాంతి కనబడడం, కొనుగోలుదారు కోరినది అదే కావడం, యాదృచ్ఛికం కాదు. కంపెనీ పాలనలోకి వస్తున్న దేశాన్ని గోడకు తగిలించుకోదగినంత అందంగా చూపిన చిత్రాలివి. రేకు కొట్టడంలో సాయపడినవారి పేర్లు, పల్లకి మోసినవారి పేర్లు ముఖపత్రాల మీద వెదకినా ఉండవు. ఇవన్నీ చెప్పుకోవలసినవే. చెప్పుకొన్న తరువాత కూడ, గఢ్వాల్ శ్రీనగరం, ఆర్మీనియన్ వంతెన, మధుర భవనపు శిథిలాలు వారి రేకుల మీద నిలిచి ఉన్నవన్న నిజం మిగిలే ఉంటుంది.

మనకు వర్ణన తెలియక కాదు. ప్రబంధకర్తకు అష్టాదశ వర్ణనలు విధి. నగరం, పర్వతం, సముద్రం, చంద్రోదయం అందులోనివే. అయితే ఆ పర్వతం ఏ పర్వతమైనా కావచ్చును. ఫలానా ఊరు, ఫలానా నాడు ఇట్లా ఉండెనని రాయడం మనలో ఆలస్యంగా వచ్చినది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి 1831లో తిరిగివచ్చి, తన కాశీయాత్రను మజిలీ మజిలీకి తెలుగులో రాసినాడు. అది 1838లో అచ్చయినది. సుమారు అదే కాలంలో లండనులో విలియం డేనియల్, నలభై యేండ్ల క్రిందట చూచిన చెన్నపట్నాన్ని పెద్ద పనోరమా చిత్రంగా వేసి జనానికి చూపినాడు. ఒకే ఊరు, ఒకరిది మాట, ఒకరిది రంగు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివే పని మనలో ఎవరైనా చేయవలసి ఉన్నది.

విలియం ఆ తరువాత బ్రిటన్ తీరమంతా చుట్టి, 1814 నుంచి 1825 వరకు 308 చిత్రాలు ప్రచురించి, 1837లో కన్నుమూసినాడు. పెంచిన పినతండ్రి అతనికంటె మూడేండ్లు ఎక్కువ బ్రతికి, తొంబది దాటిన వయసులో, అవివాహితునిగానే 1840లో పోయినాడు. వారి తైలవర్ణ చిత్రాలు పెక్కు కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో ఉన్నవి. అచ్చుచిత్రాలను అనేక గ్రంథాలయాలు అంతర్జాలంలో అందరికీ తెరిచి ఉంచినవి. మిత్రులు తీరిక చూచుకొని మధుర, తంజావూరు రేకులైనా వెదకి చూడండి. మీ ఊరి పాత కోటకో, కోనేటికో ఇటువంటి పాత చిత్రం ఏదైనా మీ కంటబడి ఉంటే తెలియజేయండి. ఆ కోనేరు ఉన్నదో పూడినదో కూడ ఒక ముక్క రాయండి.