"జర" అను మాటకు సాటి: నిత్యవ్యవహార పదముల డేనిష్ అనువాదమున ఆంగ్లమధ్యవర్తిత్వము

జనగామ బస్సులలో సామాను దింపుకొను నొక ముదుసలి, పక్కన నిలిచిన కుఱ్ఱవానిని "బిడ్డా, జర ఆ మూట అందియ్యి" అని కోరునప్పుడు, అడుగుటకు గల సంకోచమును, అడుగవచ్చునను చనువును, కాదనడను నమ్మకమును, మూడును "జర" అను రెండక్షరములలో నిమిడియున్నవని ఆ ప్రాంతమున పుట్టి పెరిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ వాక్యమును ఇంగ్లీషులోనికి దింపుమన్నచో మన విద్యార్థి తడుముకొనక "ప్లీజ్" అని వ్రాయును. ఆ ఇంగ్లీషును చేతబట్టుకొని డేనిష్ భాషలోనికి మార్చబూనినవాడు మాత్రము అచ్చటనే నిలిచిపోవును; ఏలయన "ప్లీజ్" అను నొంటిమాటకు సరిపోలు నొంటిమాట డేనిష్ భాషలో లేదు. దయగలవాడవై యుండుమను నర్థము గల "వేర్ సో వెన్లీ" అను పదబంధమునైన నతడు వాడవలెను, లేదా కృతజ్ఞతావాచకమగు "తక్" అను మాటను వాక్యము చివర తగిలింపవలెను. రెండు భాషలు దాటి వచ్చునప్పటికి మన అవ్వ, రాజసభలో విన్నపము చేయు రాయబారివలె మారిపోయి యుండును.

చిత్రమేమనగా, ఆమె మాటకు సాటి డేనిష్ భాషలో లేకపోలేదు. "లీ" అని పలుకబడు చిన్న యవ్యయ మొకటి ఆ భాషలో కలదు. వ్రాతలో నున్న గకారము పలుకులో కరగిపోవును. దాని మూలార్థము సమానము, సరిగా, ఇప్పుడే అనునవి. కాని భోజనపు బల్లకడ ఉప్పు అందియ్యమని యడుగునప్పుడు డేనులు ఈ మాటను క్రియకు ముందు చేర్చి కోరికను మెత్తబఱచుదురు. అది లేనిచో కోరిక ఆజ్ఞవలె వినబడును. ఉర్దూ "జరా" నుండి వచ్చిన మన "జర"యు నట్టిదే. కొంచెమని దాని యర్థము. కాని మూటను కొంచెము అందియ్యుట యనగా నేమి? ఇచ్చట కొంచెమైనది మూట కాదు, అడుగుట వలన నెదుటివానిపై పడు బరువు. ఈ విధముగా, ఒకదానినొక టెఱుగని రెండు భాషలు ఒక్క యుపాయమునే కనుగొనగా, నడుమ నిలిచిన ఇంగ్లీషు ఆ రెంటిని కలువనీయకున్నది. ఈ వ్యాసమున నేను చూపదలచినది ఇంతయే: ఇంగ్లీషు పేదభాష యగుట చేత గాదు, మధ్యవర్తి యగుట చేతనే ఈ నష్టము కలుగుచున్నది.

తెలుగువారికిని డేనులకును పరిచయమే లేదనుకొనుట పొరపాటు. 1620లో డేనిష్ నౌకాదళాధిపతి ఓవె గెద్దె తరంగంబాడిలో కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చినవాడు తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు. అతడు స్వయముగ తెలుగు కవి. 1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడెరిక్ ఆదరణమున తరంగంబాడికి మతబోధకులు వచ్చిరి. వారి వెనుక 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మదరాసునకు మారి, తెలుగు నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము రచించెను. తెలుగు తొలి యచ్చుపుస్తకములు 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలె నగరమున వెలువడుట యాతని కృషి ఫలమే. వంగదేశమున శ్రీరామపురము 1755 నుండి 1845 వఱకు, నడుమ ఆంగ్లేయు లాక్రమించిన కొన్నేండ్లు తప్ప, డేనుల యధీనమున నుండెను. విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చటనే అచ్చయ్యెను. ఆ గ్రంథనామమున మన భాష "తెలింగణ భాష" యని పేర్కొనబడినది! ఇన్ని యవకాశము లుండియు, షుల్జ్ జర్మనుడు, కేరీ ఆంగ్లేయుడు. డేనుల నీడ మాత్రమే మన భాషపై పడినది గాని, వారి నోటిమాటయు మన నోటిమాటయు ఎదురుబొదురుగ కూర్చున్న సందర్భము కానరాదు. నేటి యంత్రానువాద సాధనములు సైతము పెక్కు భాషాద్వయములకు ఇంగ్లీషునే నడిమి మెట్టుగ వాడుకొనుచుండుటను బట్టి, ఈ పాత దూరము క్రొత్త రూపమున నిలిచియే యున్నదని చెప్పవచ్చును.

కాలవాచకములను జూతము. "ఎల్లుండి" యను మన మాటకు ఇంగ్లీషున నొక్క పదము వాడుకలో లేదు. రేపటి తరువాతి దినమని నాలుగైదు పదములు పేర్చవలెను. డేనిష్‌లో "ఓవర్‌మోర్న్" అని సుఖముగ ననవచ్చును. "మొన్న"కు "ఫోర్‌గోర్స్" కలదు. అంతకంటె విలువైనది "డోయ్న్" అను మాట. ఇంగ్లీషు "డే" పగటిని జెప్పుచున్నదో, పగలు రాత్రి కలిసిన యిరువది నాలుగు గంటలను జెప్పుచున్నదో సందర్భమే తేల్చవలెను. డేనిష్‌లో పగటికి వేఱు మాట, పగలురేయి కలిసిన పూర్ణకాలమునకు "డోయ్న్" అను వేఱు మాట. మన సంస్కృతమున "అహోరాత్రము" సరిగా నిదియే, కాని దానిని పంచాంగముల పాలు చేసితిమి. భూపాలపల్లి బొగ్గుగనులలో దీని యవసరము ప్రత్యక్షముగ తెలియును. అచ్చటి కార్మికులు గనిని గని యనరు, "బాయి" యందురు. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అని కాలమును మూడు పాళ్లు చేయుదురు. రాత్రి షిఫ్టునకు మంగళవారమున దిగినవాడు బుధవారమున పైకి వచ్చును. అతని "రోజు" ఏది? ఆగక నడచు కర్మాగారమును డేనులు "డోయ్న్‌డ్రిఫ్ట్"న నున్నదందురు. దీనిని ఇంగ్లీషు మీదుగా తెచ్చినచో "24 గంటల పని" యని, ఒకే మనుష్యుడు ఇరువదినాలుగు గంటలు పనిచేయునట్లు వినబడును. నేరుగా తెచ్చినచో "రాత్రింబగళ్లు నడిచే బాయి" యని మన నోట నెప్పటినుండియో యున్న మాటయే చాలును.

బంధువాచకములలో నీ నష్టము మఱింత స్పష్టము. ఇంగ్లీషు "అంకుల్" అను నొక్క సంచిలో మేనమామను, చిన్నాయనను, పెద్దనాయనను, అత్త మగనిని, కడకు దారినపోవు పెద్దమనిషిని గూడ వేయును. డేనిష్‌లో వేఱువేఱు మాటలు కలవు: తల్లి సోదరుడు "మోర్‌బ్రోర్", తండ్రి సోదరుడు "ఫార్‌బ్రోర్", తల్లి చెల్లెలో అక్కయో "మోస్టర్", తండ్రి తోబుట్టువగు ఆడుది "ఫాస్టర్". మన పెండ్లిలో మేనమామకు గల స్థానమును డేనునకు చెప్పవలసి వచ్చినచో "మోర్‌బ్రోర్" అన్నంతనే సగము పని తీఱును. తాతల విషయమున డేనులు మనకంటె నొక యడుగు ముందున్నారు: మనము తల్లి తండ్రిని, తండ్రి తండ్రిని, ఇద్దరిని "తాత" యనియే పిలుతుము, వారు "మోర్‌ఫార్", "ఫార్‌ఫార్" అని వేఱుచేయుదురు. అవ్వల యెడ మాత్రము అమ్మమ్మ, నాయనమ్మలతో మనము వారికి దీటుగ నిలుతుము. ఇక "కజిన్" అను మాట యున్నది. "మై కజిన్ ఈజ్ కమింగ్" అని ఇంగ్లీషున వ్రాయగా, డేనిష్ అనువాదకుడు ఆడా మగా యని యడుగును, ఆ భాషలో "ఫెటర్" మగవాడు, "కుసీనె" ఆడుది గనుక. తెలుగు అనువాదకు డింకొక ప్రశ్న యడుగును, అది గట్టి ప్రశ్న: పెండ్లి చేసికొనదగినదా, కాదా? మరదలికిని చెల్లెలికిని నడుమ గల యగాధమును ఏ ఐరోపా భాషయు పూడ్చలేదు, త్రవ్వనూ లేదు.

కృతజ్ఞతల విషయమున తెలుగు, డేనిష్ విడిపోవును. ఈ యంశమును దాచుట న్యాయము గాదు. డేనులు "తక్" అను మాటను అడుగడుగున వాడుదురు. భోజనమైన పిదప పెట్టినవారికి "తక్ ఫో మేల్" అని చెప్పుట వారి యింట పిల్లలకు తొలుత నేర్పు మర్యాద. మానుకోట (మహబూబాబాదు) పల్లెలలో అన్నము పెట్టిన తల్లికి కొడుకు కృతజ్ఞత చెప్పినచో ఆమెకు కీడు తోచును, వీడెక్కడికైన పోవుచున్నాడా యని. "సల్లగుండు బిడ్డా" అని పెద్దలు దీవించుటయే మన కృతజ్ఞత. అది పైనుండి క్రిందికి ప్రవహించును, క్రిందినుండి పైకి కాదు. ఇచ్చట అనువాదము మాటకు మాట కాక, మనిషి స్థానమునకు మనిషి స్థానము మార్చవలసి యుండును.

జాతీయములలో పశువులు, పక్షులు, వాన అను మూడింటి చుట్టు తిరుగుట సర్వత్ర సమానము. పిల్లులు కుక్కలు కురియునని ఇంగ్లీషువారందురు. చెప్పులు కుట్టువారి శిష్యబాలురు కురియుదురని డేనులందురు. మనకు కుండపోత చాలును. ఒక రాతితో రెండు పక్షులను ఇంగ్లీషువారు కొట్టగా, ఒక దెబ్బతో రెండు ఈగలను డేనులు చంపుదురు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని మనము. చూడక కొని మోసపోవుటను ఇంగ్లీషువారు గోనెలోని పందిపిల్లతోను, డేనులు గోనెలోని పిల్లితోను చెప్పుదురు. మన రైతునకు గోనె యక్కఱలేదు: నీళ్లలో బర్రెను పెట్టి బేరము చేసినట్లని యతడనును, దాని పొదుగు కనబడదు గనుక. అర్థముగాని మాటను ఇంగ్లీషువారు గ్రీకు భాష యందురు, డేనులు పందొమ్మిదవ శతాబ్దిలో కల్పింపబడిన కృత్రిమభాష పేర "వోలాప్యూక్" అందురు, మనము బ్రహ్మలిపి యందుము. నాకు మిక్కిలి ప్రియమైనది మాత్రము "మంచుపై ఆవు లేదు" అను డేనిష్ పలుకుబడి. భయము లేదని భావము. గడ్డకట్టిన చెఱువుపై ఆవు అడుగు పెట్టినచో మంచు పగులు నను భయమున పుట్టిన మాట యిది. మన చెఱువులో బర్రె దిగినచో అది దాని భాగ్యమే కదా! "ఏం రంది లేదు" అని జనగామ మాటలో దానిని తేలికగ తీర్చవచ్చును. "ఆందోళన చెందవలసిన పని లేదు" అను పత్రికాభాష ఇంగ్లీషు మీదుగా వచ్చినది, ఆవును నడిదారిలో విడిచిపెట్టి.

ఇంగ్లీషునకు గూడ న్యాయము చేయవలెను. ఆ భాషలోని కిటికీ మాట "విండో" పూర్వము నార్సు జాతులవారు తెచ్చిన గాలికన్ను; డేనిష్ "విన్‌డూ" దాని తోబుట్టువు. మన గవాక్షము సైతము కన్నే, ఆవుకన్ను. "హస్బండ్" అను మాటయు అట్లే వచ్చినది. ఇల్లుగలవాడని దాని తొలి యర్థము. భర్త పేరు చెప్పని మన యిల్లాలు "ఇంటాయన" యన్నప్పుడు ఏ నార్సు వ్యుత్పత్తిని జదివినదో!

మధ్యవర్తి భాష మన ప్రాంతమునకు క్రొత్త గాదు. ఇంగ్లీషునకు ముందు ఆ పీఠమున ఉర్దూ కూర్చుండెను. 1917లో హైదరాబాదున ఏర్పడిన అనువాదశాఖ శాస్త్రపదములను ఉర్దూలో కల్పించుచుండగా, దరఖాస్తు, పహాణీ, దవాఖాన అను మాటలు మన రైతు నోట నింటిమాటలైనవి. "జర" సైతము అట్లు వచ్చి నిలిచినదే గనుక మధ్యవర్తి యెల్లప్పుడు దొంగ కాడు. కొన్ని వేళల తన సొమ్మును విడిచి పోవును. 1922లో నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి నుండి తెనుగు పత్రికను నడిపిన ఒద్దిరాజు సోదరులు, పెక్కు భాషలను మూలముననే నేర్చుకొనిరి. నేరుగా పోవుటకు దారి లేదనువారికి ఇనుగుర్తి ఒక సమాధానము.

అట్లు నేరుగా పోవుటకు నిఘంటువులు కావలెను. డేనుల మహానిఘంటువు 1956 నాటికి 28 సంపుటములుగ ముగిసెను, వారి భాషామండలి 1955లో నేర్పడెను. మన వైపున భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణమున వ్యవసాయపదముల మాండలిక కోశము 1962లో వెలువడెను. నాగలికి, మోటకు ఉన్నట్టి యా పదపట్టిక "జర"కు, "రంది"కి, "బాయి"కి ఇంకను కావలసియున్నది. మానుకోట తండాలలో తల్లిని "యాడి" యని పిలుచు లంబాడీ పిల్ల బడిలో తెలుగును, పిదప ఇంగ్లీషును దాటి పోవుచున్నది. ఆ పిల్ల యొకనాడు కోపెన్‌హాగెన్‌లో చదువబోయి, వంటయింట స్నేహితురాలిని గరిటె అడుగవలసివచ్చినప్పుడు, "ప్లీజ్" కొఱకు వెదకక "లీ" అని యనగలిగినచో, ఆమె జనగామ బస్సులోని అవ్వ మాటనే పలికినదగును.