కాంగో శాంతి పరిరక్షక దళాలు: సిబ్బంది, నిధులు

ఆఫ్రికాలోని కాంగోలో ఐక్యరాజ్యసమితి రెండుసార్లు శాంతి దళాలను దింపింది. మొదటిది 1960 నుంచి 1964 దాకా నడిచింది. 1999లో మొదలైన రెండోది ఇంకా కొనసాగుతోంది. రెండింటికీ భారత సైన్యం వెళ్లింది. రెండోసారి సైనికుల వెంట బీఎంపీ-2 ‘సారథ్’ యుద్ధ వాహనాలు కూడా వెళ్లాయి. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉన్న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తయారుచేసే రకం అది.

మొదటి దళం. 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం పొందిన కాంగో కొద్దిరోజుల్లోనే అల్లకల్లోలమైంది. కటాంగా రాష్ట్రం విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. జులైలో భద్రతా మండలి దళాన్ని పంపింది. అది ఒక దశలో దాదాపు 20 వేల మందికి చేరింది. భారత్ 1961లో 99వ పదాతి బ్రిగేడ్‌ను, ఆపై కాన్‌బెర్రా బాంబర్లను పంపింది. ఆ ఏడాది డిసెంబరు 5న కటాంగాలోని ఎలిజబెత్‌విల్‌లో ప్రాణాలిచ్చిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీరచక్ర దక్కింది.

మనుషులు దొరికారు గానీ డబ్బు పుట్టలేదు. ఖర్చు సుమారు 40 కోట్ల డాలర్లకు పెరిగింది. ఈ ఖర్చు మాది కాదంటూ సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ వాటా కట్టలేదు. ఇది సమితి ఖర్చేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962 జులై 20న 9–5 తేడాతో అభిప్రాయం చెప్పినా అవి కదల్లేదు. సమితి 20 కోట్ల డాలర్ల దాకా బాండ్లు జారీ చేసి అప్పు చేయాల్సి వచ్చింది. బకాయి పడ్డ దేశాల ఓటుహక్కు తీసేస్తే సమితే చీలిపోతుందన్న భయంతో, 1964లో మొదలైన సాధారణ సభ సమావేశాన్ని ఓటింగే లేకుండా నెట్టుకొచ్చారు. శాంతి దళాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద పాఠం లేదు. 1973లో సినాయ్ దళం కోసం వేరే వాటాల పద్ధతి వచ్చింది: భద్రతా మండలి శాశ్వత సభ్యులకు ఎక్కువ భారం, పేద దేశాలకు రాయితీ. 2000లో దాన్ని పది అంచెలుగా సవరించారు.

జీతం ఎవరిది? సమితికి సొంత సైన్యం లేదు. సైనికుడికి జీతమిచ్చేది అతని సొంత ప్రభుత్వమే. ఆ ప్రభుత్వానికి సమితి తలకింత చొప్పున చెల్లిస్తుంది. 2022 జులైలో ఆ మొత్తం నెలకు 1,448 డాలర్లుగా ఉంది. సైనికుడి చేతికి సమితి నేరుగా ఇచ్చే దినభత్యం 1.28 డాలర్లు మాత్రమే. ఒక్కొక్కరుగా వెళ్లే పోలీసు అధికారుల సంగతి వేరు, వాళ్లకు సమితే నేరుగా జీవనభత్యం ఇస్తుంది. తెలంగాణ డీజీపీగా పనిచేసిన అంజనీ కుమార్ బోస్నియాలో ఇలాగే పనిచేశారు.

బండి లెక్క. 1984లో ఏర్పడిన ఎద్దుమైలారం ఫ్యాక్టరీని ఇక్కడివాళ్లు ఓడీఎఫ్ అంటారు. 1987 నుంచి ఇక్కడ బీఎంపీ-2 తయారవుతోంది. గొలుసు చక్రాల మీద నడిచే ఈ బండికి 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది, నీటిలో ఈదుతుంది కూడా. శాంతి దళంలోకి వెళ్లేముందు దానికి తెల్లరంగు వేసి నల్లక్షరాలతో ‘యూఎన్’ అని రాస్తారు. ఆ రంగు ఖర్చు కూడా సమితి తిరిగిస్తుంది. 1996లో వచ్చిన పద్ధతి ప్రకారం, సొంత సామగ్రి తెచ్చుకునే దేశానికి నెలసరి అద్దె ముడుతుంది. మరమ్మతులూ విడిభాగాలూ ఆ దేశమే చూసుకుంటే అద్దె ఎక్కువ. దిగగానే తనిఖీ, ఆపై మూడు నెలలకోసారి తనిఖీ. వాహనాల్లో 90 శాతం పనిచేస్తుండాలి, లేకుంటే అద్దెకు కోత పడుతుంది. గొలుసు తెగి షెడ్డులో పడున్న బండి కాంగో నగరం గోమాలో కాపలా కాయలేదు, ఢిల్లీకి డాలరూ తేలేదు.

రెండో దళం, నేటి స్థితి. 2010లో ఈ దళానికి భద్రతా మండలి 19,815 మంది సైనికుల దాకా అనుమతించింది. భారత బ్రిగేడ్ ఉత్తర కివూలో, గోమా చుట్టూ ఉండేది. 2008లో దాని కమాండర్ బిపిన్ రావత్. ఖర్చు ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటిన రోజులున్నాయి. 2024లో దక్షిణ కివూ నుంచి దళం వైదొలగింది. 2025 జనవరిలో గోమా ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. అదే ఏడాది అక్టోబరులో, వాటాలు అందక, ప్రపంచవ్యాప్తంగా శాంతి దళాల్లో నాలుగో వంతు తగ్గిస్తామని సమితి ప్రకటించింది. బకాయిల్లో సింహభాగం అమెరికాది. 2022–24లో ఆ దేశపు వాటా 26.95 శాతం, భారత్ వాటా దాదాపు 0.21 శాతం.

డబ్బిచ్చే దేశాలు వేరు, మనుషుల్ని పంపే దేశాలు వేరు. ఈ ఏర్పాటులో అన్యాయం వాటా అంకెల్లో లేదు, సొమ్ము ఆలస్యంగా రావడంలో ఉంది. సైనికుడు గడువుకు చేరతాడు, అతని ప్రభుత్వానికి రావాల్సింది మాత్రం నెలల తరబడి నిలిచిపోతుంది. ఇప్పటిదాకా 50కి పైగా శాంతి దళాల్లో భారత్ నుంచి 2,90,000 మందికి పైగా పనిచేశారు, దాదాపు 180 మంది తిరిగి రాలేదు.