ఖాకీ దుస్తులు – కృష్ణాతీరపు నటులు



అమెరికా టెలివిజనులో 1951లో ‘డ్రాగ్నెట్’ అనే పోలీసు ధారావాహిక ప్రారంభమయింది. అందులో సార్జెంట్ ఫ్రైడేగా నటించిన జాక్ వెబ్ 1982లో మరణించగా, ఆ పాత్ర ధరించిన 714వ నంబరు బిళ్ళను ఇకపై ఎవరికీ ఇవ్వరాదని లాస్ ఏంజెలిస్ పోలీసు శాఖ నిర్ణయించింది. ఒక నటుణ్ణి తమవాడుగా పోలీసులే స్వీకరించిన ఉదంతమిది. మన కృష్ణాతీరంలో ఖాకీ దుస్తుల కథ ఇంత సాఫీగా సాగలేదు. అది వెండితెర మీద, దెబ్బలతో మొదలయింది. ఆ దుస్తులు ధరించిన మన జిల్లా నటుల జీవితాలను వరుసగా చూస్తే, పోలీసును గురించి మన జనం మనసు ఏ కాలంలో ఎలా ఉన్నదో తెలుస్తుంది.

నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారక రామారావు బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి శిష్యుడు. అక్కడ నాటకంలో నాగమ్మ వేషం వేయవలసివచ్చినప్పుడు మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న సంగతి అందరికీ తెలిసినదే. సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వదులుకొని మద్రాసు చేరిన ఆయనకు ఎల్.వి. ప్రసాద్‌గారు ‘మనదేశం’ (1949) చిత్రంలో ఇచ్చిన తొలి వేషం పోలీసు ఇన్‌స్పెక్టరు! కథ స్వాతంత్ర్యోద్యమానిది కనుక, ఆ ఇన్‌స్పెక్టరు సత్యాగ్రహులపై లాఠీ ఎత్తవలసిన మనిషి. లాఠీచార్జీ దృశ్యంలో కొత్త నటుడు ఆవేశం పట్టలేక నిజంగానే బాదాడనీ, ఇది నటన నాయనా అని దర్శకుడు వారించవలసి వచ్చిందనీ చెప్పుకుంటారు.

ఆ చిత్రానికి సంగీతం సమకూర్చినవారు గుడివాడ దాపున చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. 1942 ఉద్యమంలో పాల్గొని ఆయన బళ్ళారి అలీపురం జైలులో పద్ధెనిమిది నెలలు గడిపారు. నిన్నటి ఖైదీ పాట కట్టిన చిత్రంలో అదే జిల్లా యువకుడు లాఠీ పట్టాడు. రాజ్యం మారి రెండేళ్ళే అయింది; ఖాకీ మాత్రం ఇంకా తెల్లవాడిదిగానే జనానికి కనబడుతున్నది. ఆ రోజులలో ప్రజానాట్యమండలి కళాకారుల అనుభవమూ అటువంటిదే. సుంకర, వాసిరెడ్డిగార్ల ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంస్థలో పనిచేసి జైళ్ళు చూసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు తరువాత చలనచిత్రాలలో స్థిరపడి, 2011లో మన విజయవాడలోనే కన్నుమూశారు. ఖాకీని వేషంగా కాక బ్రతుకులో ఎరిగిన తరం అది.

ముప్పది రెండేళ్ళు గడిచాయి. 1981లో వచ్చిన ‘కొండవీటి సింహం’లో అదే రామారావుగారు ఎస్.పి. రంజిత్ కుమార్. తప్పుదారి పట్టిన కన్నకొడుకునైనా విడిచిపెట్టని ధర్మమూర్తిగా ఆ పాత్రను రూపొందించారు. సత్యాగ్రహులను కొట్టిన ఇన్‌స్పెక్టరు కాస్తా ఇప్పుడు ఇంటి పెద్ద అయినాడు. రాముడుగా, కృష్ణుడుగా జనం కొలిచిన ముఖం ఖాకీ టోపీ క్రింద కనబడేసరికి, ఆ టోపీకి కూడా కొంత పూజ్యత అబ్బింది. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయినప్పుడు నిజమైన పోలీసులు వందనం చేశారు.

అయితే ఆ పూజ్యత ఎంతవరకు నిజం? ఈ ప్రశ్న అడిగినది టి. కృష్ణగారి ‘ప్రతిఘటన’ (1985). ఆయన కూడా ప్రజానాట్యమండలి నుండి వచ్చినవారే. ఇందులో మన జిల్లావారు ఇద్దరున్నారు. మంత్రి కాశయ్యగా కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావుగారు, మతి చలించిన మాజీ కానిస్టేబుల్‌గా బందరు దాపున భోగిరెడ్డిపల్లిలో పుట్టిన సుత్తివేలుగారు. ఒకరు స్టేట్ బ్యాంకులో, మరొకరు విశాఖ డాక్‌యార్డులో కొలువు చేసుకుంటూ నాటకాలాడిన గృహస్థులు. హిందీలో 1998 నుండి రెండు దశాబ్దాలు సాగిన ‘సి.ఐ.డి.’ ధారావాహికలో ఏ.సి.పి. ప్రద్యుమ్న్‌గా పేరొందిన శివాజీ సాటమ్ కూడా బ్యాంకు ఉద్యోగిగా ఉంటూ రంగస్థలంపై నటించినవారే. ఊరి నడుమ ఉద్యోగం చేసినవానికి అధికారి ఎలా కసురుతాడో, బంట్రోతు ఎలా ఒదుగుతాడో వేరే నేర్పనక్కరలేదు.

అప్పటికి నేను కొత్తగా కొలువులో చేరిన తెలుగు పండితుణ్ణి. ‘నాలుగు స్తంభాలాట’ (1982) నుండి సుత్తి వీరభద్రరావుగారి జంటగా నవ్వించిన వేలుగారు తెరపైకి రాగానే హాలంతా అలవాటుగా నవ్వింది. కొద్దిసేపటికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. విదూషకుని నోట సత్యం పలికించటం మన నాటకాలకు కొత్త కాదు. కానీ నిజాయతీగల పోలీసుకు ఈ లోకంలో పిచ్చివాడుగా తప్ప చోటు లేదని చెప్పిన పాత్రను అంతకుముందు నేను చూడలేదు. ఆ చిత్రం 1987లో హిందీలో ‘ప్రతిఘాత్’ అయినప్పుడు ఆ వేషం నానా పాటేకర్ ధరించారు.

‘ప్రతిఘటన’లో చట్టం చేతకానిదైనందువల్ల అధ్యాపకురాలైన నాయిక గొడ్డలి పట్టింది. ఆ పాత్ర ధరించిన విజయశాంతిగారే ఐదేళ్ళకు ‘కర్తవ్యం’ (1990)లో ఖాకీ ధరించి వైజయంతి అయినారు. జాతీయ ఉత్తమనటి పురస్కారం పొందారు. కిరణ్ బేడీ జీవితం ప్రేరణగా ఆ కథను అల్లినవారు పల్లెర్లమూడి సోదరులైన పరుచూరి వారు. తమ్ములు గోపాలకృష్ణగారు తెలుగు అధ్యాపకులుగా పనిచేసినవారు కావటం నావంటివారికి కొంత గర్వకారణం. గొడ్డలి చేతిలోనే లాఠీ పెట్టటమంటే, జనం చట్టానికి మరొక్క అవకాశమిచ్చారన్నమాట.

తరువాతి జీవితాలను కూడా చూడండి. తెరమీది మంత్రి కాశయ్య 1999లో విజయవాడ తూర్పు నియోజకవర్గం నుండి నిజంగానే శాసనసభకు ఎన్నికయినారు. 2015లో పద్మశ్రీ అందుకొని, 2025 జూలైలో మరణించారు. సుత్తివేలుగారు 2012 సెప్టెంబరులో వెళ్ళిపోయారు. ఎస్.పి. ముఖ్యమంత్రి అయినాడు, మంత్రి శాసనసభ్యుడయినాడు. మన రాష్ట్రంలో వేషం నిజమైన దారి ఇదే. పిచ్చి కానిస్టేబుల్‌కు మాత్రం తెర దాటి వెళ్ళవలసిన చోటు ఏదీ దొరకలేదు.

అందుకే, ఖాకీ నటుల జాబితా వ్రాసేవారు పెద్ద టోపీలతో ఆగిపోరాదని నా మనవి. సింహాలను తలుచుకొనేవారు చాలామందే ఉన్నారు. స్టేషను ముంగిట నిలబడి, లోపలికి పోవాలో వద్దో తోచని సామాన్యుడి భయం ఎరిగినది ఆ బక్కపలుచని కానిస్టేబులే. బందరు వైపు వెళ్ళినప్పుడు మిత్రులు భోగిరెడ్డిపల్లి పేరు ఒక్కసారి తలుచుకోవలసినదిగా కోరుతున్నాను.

స్వస్తి.