జాలు నేలలో ఏ చెట్టు?

వరి నాటడంలో పొరపాటు జరిగితే నాలుగు నెలల్లో తెలుస్తుంది, వచ్చే కారుకు దిద్దుకోవచ్చు. చెట్టు పెట్టేవానికి ఆ వీలు లేదు. ఈ నేల నాకు సరిపడలేదని మామిడి చెట్టు చెప్పేసరికి పదేండ్లు గడిచిపోతాయి. కాబట్టి తడి ఆరని నేలలో ఏ చెట్టు పెట్టవలెనని అడిగే ముందు, మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేలకు ఈ తడి ఎప్పుడు, ఎట్లా వచ్చిందో కొంచెం వెనక్కు పోయి చూద్దాం.

నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో సాగుభూమిని మూడు తీర్ల రాసేవారు. వానమీద ఆధారపడిన చెలక ఖుష్కి. చెరువు కింద, కాలువ కింద వరి పండే పొలం తరి. బావి నీటితో పెంచే తోట బాగాత్. అసలు సంగతి ఈ మూడో మాటలోనే ఉన్నది. తోట అంటే బావి, బావి అంటే మోట. ఎద్దులు తోడినంతే నీరు. రైతు వద్దనుకుంటే ఆగిపోయే నీరు. చెట్టుకు ఎప్పుడు తడి ఇయ్యవలె, ఎప్పుడు ఎండబెట్టవలె అనేది మనిషి చేతిలో ఉండేది.

మరి తడి చోట్ల చెట్లే లేవా అంటే, ఉన్నవి గదా! ఒర్రెల వెంట ఈత, చెరువు శిఖంలో తుమ్మ, కట్టమీద తాడి, వాగొడ్డున కానుగ, నేరేడు, ఏరుమద్ది. వీటిని ఎవరూ పాదులు తీసి పెంచలేదు. నేలే వాటిని ఏరుకున్నది. ఈతవనం ఉన్నచోట చెమ్మ ఉన్నదని చెప్పటానికి చదువు అక్కరలేదు. ఆరవ శతాబ్దంనాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టు పక్కన ఎంత లోతున నీరు పడుతుందో అందులో చెప్పినాడు. నేరేడు, ఏరుమద్ది రెండూ అందులో ఉన్నవి. ఆయన లెక్కలన్నీ సరిపోతాయని నేననను గాని, చెట్టును చూసి నీటిని పోల్చటం మన దేశంలో పాత విద్యే.

1963 జూలై 26న పోచంపాడు వద్ద గోదావరిమీద ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే తరువాత శ్రీరామసాగరమైంది. దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలమీదుగా వచ్చింది. చెలకలు పొలాలైనవి. ఇది చిన్న మేలు కాదు. మోట తోలిన వాని భుజాలను అడగండి, చెప్పుతాయి. అయితే కాలువతోపాటు మరొకటి కూడా వచ్చింది. దాన్నే మన వాళ్ళు జాలు అంటారు. కాలువ గట్టునుండి, ఎగువ వరిమళ్ళనుండి నీరు నేల లోపల పాకి పల్లపు చేనులో తేలుతుంది. అది పిలవకుండా వచ్చే నీరు, పొమ్మంటే పోని నీరు. గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది. అక్కడ కోనసీమలో నేలను ఎత్తుచేసి, నడుమ బోదెలు తీసి కొబ్బరి పెంచుతారు. నీరు వచ్చే దారితోపాటు పోయే దారి కూడా వాళ్ళకు అలవాటైనది. మనకు వచ్చే దారి ముందు అలవాటైంది.

జాలు మొదట దెబ్బతీసేది మామిడినే. జగిత్యాల మామిడి, ముఖ్యంగా బేనీషాన్, చల్‌గల్ మార్కెట్టునుండి లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది. ఈ చెట్టు నాలుగు రోజుల నీటికి చావదు. అదే మోసం! నవంబరు, డిసెంబరు నెలల్లో దానికి బెట్ట తగలవలె. వేరుకింద చెమ్మ ఆరకపోతే పూతకు బదులు లేత ఆకు తొడుగుతుంది. సరిగ్గా అప్పుడే పక్క పొలంలో యాసంగి వరికి దమ్ము మొదలవుతుంది. చెట్టు పచ్చగా కళకళలాడుతుంటే రైతు సంతోషిస్తాడు, కాయ మాత్రం ఉండదు.

బత్తాయి, నిమ్మకు మొదలు కుళ్ళి బంక కారుతుంది. బొప్పాయికి రెండు మూడు రోజుల నిలవనీరే చాలు. పసుపు సంగతి వేరు: స్వభావానికి అది ఏండ్ల తరబడి దుంపతో బ్రతికే మొక్కే, మనం ఏటేటా తవ్వుకుంటాం గనుక ఏకవార్షికంగా కనబడుతుంది. జాలులో దానికి దుంపకుళ్ళు తప్పదు. ఎత్తుమళ్ళమీద కొంత నిలుస్తుంది.

తడిని ఓర్చేది చెరకు. ఒకసారి నాటితే మొడెం తోటలు కూడా తీసుకోవచ్చు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల జాలు చేలకు అది మంచి జవాబే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. నేల మారలేదు, నీరు మారలేదు, కొనేవాడు పోయినాడు. చాలామంది వరికే తిరిగిపోయినారు.

సిరిసిల్ల కథ ఆలస్యంగా మొదలైంది. నర్మాల దగ్గరి ఎగువ మానేరు నిజాం కాలంనాటిదే అయినా, ఆ ప్రాంతం చాలాకాలం ఎండిన బోరుబావులకు పేరుపడ్డది. మధ్య మానేరులో నీరు నిలిచి, చెరువులు నిండిన తరువాత, 2020 నాటికి జిల్లాలో భూగర్భజలం సగటున 6 మీటర్లు పైకి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. అంటే జగిత్యాలలో యాభై ఏండ్ల క్రితం మొదలైన ప్రశ్న సిరిసిల్లకు ఇప్పుడు వచ్చింది. బోరు ఎండిన రోజుల లెక్కతో అక్కడ ఈనాడు చెట్టును ఎంచరాదు.

కొత్తగా చెట్టు పెట్టదలచినవారు నవంబరులో చేను పల్లపు మూలన 3 అడుగుల గుంత తీసి, తెల్లవారి చూడండి. అడుగున నీరు ఊరితే అక్కడ మామిడి, బత్తాయి, దానిమ్మ మాట మరచిపోండి. జామ, నేరేడు, వెదురు ఓర్చుకుంటాయి. నీరు కదిలే చోట కొబ్బరి వస్తుంది. అరటికి ఎత్తుమడి కావలె. 2021 తరువాత ఈ జిల్లాల్లో ఆయిల్‌పామ్ పెడుతున్నారు. 9 మీటర్ల ఎడంతో ముక్కోణంగా నాటితే ఎకరానికి 57 మొక్కలు. నీరు బాగా తాగుతుంది గాని నిలవనీరు దానికీ పనికిరాదు. నాలుగో ఏటనుండి గెలలు వస్తాయి, ఆ గెలలను కోసిన వెంటనే మిల్లుకు చేర్చవలె. కాబట్టి మొక్క తెచ్చేముందు మిల్లు ఎంత దూరమో, నడుస్తున్నదో లేదో కనుక్కోండి. ముత్యంపేట మనకు దూరపు ఊరు కాదు.

ఉన్న మామిడితోటకు జాలు పట్టితే కొట్టివేయటానికి తొందరపడకండి. ఎగువ పొలానికీ తోటకూ నడుమ 3 అడుగుల లోతు కందకం తీయండి. దాని కొస వాగులోకి పోవలె, పక్కవాని చేనిలోకి కాదు. ఇందుమీద ఊళ్ళల్లో తగాదాలు మీరెరుగనివి కావు. కందకం ఒడ్డున కానుగ, ఏరుమద్ది పెట్టితే గట్టు కోసుకుపోదు. వాటి నీడ పెద్దది గనుక మామిడి వరుసకు దూరంగా పెట్టుకోండి.