ఆర్కిటిక్ సముద్రపు మంచు తరుగుదల: తుఫానులు, వాతావరణం

ఆర్కిటిక్ మహాసముద్రంపై తేలే మంచు 1970ల చివరి నుంచి విస్తీర్ణంలోనూ మందంలోనూ తగ్గుతూ వచ్చింది. దీనివల్ల ఆ సముద్రం మీదా, దాని తీరాల్లోనూ గాలి, అలల తీరు మారిందనడానికి నేరుగా కొలిచిన ఆధారాలున్నాయి. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికాల్లోని చలిగాలులకూ ఇదే మూలమన్న వాదం మాత్రం 2012 నుంచి గట్టి వివాదంలో ఉంది. గ్రీన్‌లాండ్ మంచు, హిమానీనదాల సంగతి వేరు. నేల మీది మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుంది. సముద్రపు మంచు ముందే నీటిలో తేలుతోంది కాబట్టి అది కరిగినా మట్టంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

కొలతలు

వరసగా సాగిన లెక్కలు 1978 అక్టోబరులో అమెరికా ప్రయోగించిన నింబస్-7 ఉపగ్రహంతో మొదలయ్యాయి. దానిలోని మైక్రోవేవ్ పరికరానికి మబ్బులు గానీ ధ్రువ రాత్రి చీకటి గానీ అడ్డు కావు. పటంలోని ఒక గడిలో కనీసం 15 శాతం మంచు ఉంటే గడి మొత్తాన్నీ విస్తీర్ణంలో కలపడం ఆనవాయితీ. అందువల్ల అచ్చులో కనిపించే విస్తీర్ణం అసలు మంచు వైశాల్యం కంటే ఎక్కువే. అంతకుముందు కాలానికి డెన్మార్క్ వాతావరణ సంస్థ 1893 నుంచి వేసిన పటాలు, నౌకల దినచర్య పుస్తకాలే దిక్కు. వాటిలో చలికాలపు భాగం చాలావరకు అంచనాయే.

సెప్టెంబరు కనిష్ఠానికి 1981–2010 సగటు సుమారు 62 లక్షల చ.కి.మీ. 2012లో అది ఇంచుమించు భారతదేశమంత విస్తీర్ణానికి కుంచించుకుపోయింది. కొలరాడోలోని అమెరికా జాతీయ హిమ సమాచార కేంద్రం అప్పట్లో ఆ కనిష్ఠాన్ని 34.1 లక్షల చ.కి.మీ.గా, తేదీని సెప్టెంబరు 16గా ప్రకటించింది. లెక్కింపు పద్ధతి మారాక 33.9 లక్షలు, సెప్టెంబరు 17 అని సవరించింది. రచనల్లో రెండూ కనిపిస్తాయి, సవరించినదే మేలు. 2025 వరకూ ఆ రికార్డు చెదరలేదు. 2020లో 37.4 లక్షలకు దిగడమే దానికి అతి దగ్గరగా వచ్చిన సందర్భం. 2007 తర్వాతి సెప్టెంబరు అంకెలను మాత్రమే తీసుకుంటే స్పష్టమైన తగ్గుదల కనిపించదన్నది కూడా నమోదు చేయాలి.

మంచు, గాలి, అల

కొత్త మంచు కప్పిన సముద్రపు మంచు తన మీద పడే ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. బయటపడ్డ నీరు ఆరేడు శాతం మాత్రమే తిప్పికొట్టి, మిగతాదంతా తాగేస్తుంది. చలికాలంలో మంచు గిన్నె మీది మూతలా పనిచేస్తుంది. కింద నీరు సుమారు −1.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంటే పైన గాలి −30కి దిగవచ్చు. మూత లేనిచోట ఆ వేడీ, తేమా గాలిలోకి ఎక్కుతాయి. ధ్రువ ప్రాంతం మిగతా భూమికంటే త్వరగా వేడెక్కడానికి ఇది ఒక కారణం, ఏకైక కారణం కాదు. ఎంత త్వరగా అన్నదానికి రెండు మూడు రెట్లు అని పాత రచనలు చెబుతాయి. ఫిన్లాండ్ పరిశోధకులు 2022లో 1979 తర్వాతి కాలానికి దాదాపు నాలుగు రెట్లు అని తేల్చారు. ఆర్కిటిక్ హద్దును ఎక్కడ గీశారు, ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి కొంత తేడా వస్తుంది.

బంగాళాఖాతంలో పుట్టే తుఫానులకు బలం వెచ్చటి సముద్రం నుంచి వచ్చే ఆవిరి. ఆర్కిటిక్ తుఫానులకు ప్రధాన బలం వేడి గాలికీ చల్ల గాలికీ మధ్య ఉండే తేడా. కనక మంచు తగ్గితే తుఫానులు పెరిగి తీరాలన్న నియమమేమీ లేదు. వాటి సంఖ్య పెరిగిందా లేదా అన్న విషయంలో అధ్యయనాలు ఏకీభవించవు. అలల విషయంలో ఈ సందిగ్ధం తక్కువ. గాలి ఎంత దూరం మంచు లేని నీటిపై వీస్తే అల అంత పెరుగుతుంది. ఒకప్పుడు వేసవిలోనూ మంచుతో నిండి ఉండే బ్యూఫోర్ట్ సముద్రంలో 2012 సెప్టెంబరులో అయిదు మీటర్ల అలలు నమోదయ్యాయి.

2012 ఆగస్టు మహా తుఫాను

సైబీరియా మీద ఆగస్టు 2న పుట్టిన అల్పపీడనం ఆర్కిటిక్ నడిబొడ్డుకు చేరి, 6వ తేదీన 966 హెక్టోపాస్కళ్లకు దిగింది. మెల్బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ సిమండ్స్, ఇరీనా రుదేవా 1979 నుంచి ఆగస్టు నెలల్లో గుర్తించిన 1,618 ఆర్కిటిక్ తుఫానుల్లో కేంద్ర పీడనం ఇంత తక్కువగా ఉన్నది మరొకటి లేదు. అన్ని నెలలూ కలిపితే దాని స్థానం 13.

రికార్డు కనిష్ఠానికి ఈ తుఫానే కారణమని ఆనాటి వార్తల్లో విరివిగా వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జిన్‌లున్ జాంగ్ బృందం కంప్యూటర్ నమూనాను తుఫానుతో ఒకసారి, తుఫాను లేకుండా ఒకసారి నడిపి చూసింది. మంచు కింది చల్లని, ఉప్పు తక్కువ నీటి పొరకు దిగువన, దాదాపు 20 మీటర్ల లోతున, వేసవి ఎండ వేడి నిలవై ఉంటుంది. గాలి తాకిడికి మంచు పలకలు కదిలి, నీటిని చిలికి, ఆ వేడిని పైకి రప్పించాయి. తుఫాను రోజుల్లో కరుగుదల రెట్టింపయింది. అయినా అప్పటికే పలచబడ్డ ఆ మంచు తుఫాను లేకపోయినా కరిగేదే, కాకపోతే కొంత ఆలస్యంగా. తుఫాను లేని లెక్కలో సెప్టెంబరు కనిష్ఠం సుమారు 1.5 లక్షల చ.కి.మీ. మాత్రమే ఎక్కువగా తేలింది, అదీ కొత్త రికార్డే. ఈ అంచనాను కాదనడానికి బలమైన కారణం కనిపించదు.

ఉపగ్రహ యుగంలో అతి తీవ్రమైన ఆర్కిటిక్ తుఫాను 2022 జనవరిలో వచ్చింది. కేంద్ర పీడనం 932 హెక్టోపాస్కళ్లు. బారెంట్స్ సముద్రంలో ఎనిమిది మీటర్లకు పైబడిన అలలు లేచాయి. తుఫాను రాకను ముందే బాగా పసిగట్టిన నమూనాలు మంచుకు జరిగే నష్టాన్ని మాత్రం అందుకోలేకపోయాయి.

అలాస్కా తీరం

చుక్చీ సముద్రపు ఒడ్డున సారిచెఫ్ దీవిలో ఉన్న షిష్మరెఫ్ ఇనుపియాట్ ఆదివాసుల ఊరు, జనాభా సుమారు ఆరు వందలు. శరదృతువు తుఫానులు రాకముందే తీరానికి అతుక్కుని గడ్డకట్టే మంచు ఒకప్పుడు అలలను దూరంగా ఆపేది. ఇప్పుడది ఆలస్యంగా పట్టడంతో అలలు నేరుగా ఇసుక ఒడ్డును కోస్తున్నాయి. ఊరు తరలిపోవాలని గ్రామస్థులు 2002లోనూ, స్వల్ప ఆధిక్యంతో 2016లోనూ ఓటు వేశారు. 2022 సెప్టెంబరులో పశ్చిమ అలాస్కాను ముంచెత్తిన మెర్బోక్ టైఫూన్ అవశేషాన్ని కూడా కొందరు ఈ ఖాతాలోనే వేస్తారు. సెప్టెంబరు నడుమ బేరింగ్ సముద్రంలో 1980ల్లోనూ మంచు ఉండేది కాదు గనక ఆ ఉదాహరణ పొసగదు.

దూర ప్రాంతాలపై ప్రభావం: వివాదం

ఆర్కిటిక్ మంచు దూర ప్రాంతాల వాతావరణాన్ని మారుస్తుందన్న ఆలోచన కొత్తది కాదు. గ్రీన్‌లాండ్ సముద్రపు మంచుకూ యూరప్ గాలివానలకూ ఉన్న సంబంధంపై రష్యన్ శాస్త్రవేత్త వ్లదీమిర్ వీజె 1924లోనే రాశాడు. జెనిఫర్ ఫ్రాన్సిస్, స్టీఫెన్ వావ్రస్ 2012లో ప్రచురించిన వ్యాసం దీన్ని జనంలోకి తెచ్చింది. ధ్రువానికీ సమశీతోష్ణ మండలానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గితే ఎత్తున పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ గాలి మందగించి పెద్ద మెలికలు తిరుగుతుందని, వానా చలీ ఎండా ఒకేచోట తిష్ఠ వేస్తాయని వారి వాదన. ఆ మెలికలు కొలత పద్ధతి మార్చగానే మాయమవుతున్నాయని ఎలిజబెత్ బార్న్స్ 2013లో చూపింది. ఆర్కిటిక్ వేడెక్కుతూనే ఉన్నా మెలికలు పెరగలేదని రసెల్ బ్లాక్‌పోర్ట్, జేమ్స్ స్క్రీన్ 2020లో రాశారు. మరో మార్గం బారెంట్స్–కారా సముద్రాలది. అక్కడ మంచు తగ్గితే స్ట్రాటో ఆవరణంలోని ధ్రువ సుడి బలహీనపడి, చలి దక్షిణానికి జారుతుందంటారు. అనేక నమూనాలను ఒకే ప్రణాళికతో నడిపి 2022లో ప్రకటించిన ఫలితాలు ప్రభావం నిజమేగాని బలహీనమని సూచిస్తున్నాయి. ప్రస్తుతానికి ఇదే నిలకడైన అభిప్రాయంగా కనిపిస్తోంది.

2021 ఫిబ్రవరి టెక్సాస్ చలి ఈ చర్చలో తరచూ వస్తుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత −19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. దాన్ని ఆర్కిటిక్ మార్పులతో ముడిపెడుతూ జూడా కోహెన్ బృందం అదే ఏడాది వ్యాసం ప్రచురించింది. అందరూ ఒప్పుకోలేదు.

భారత రుతుపవనాలతో సంబంధం గురించి తెలిసింది కొద్ది. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి పరిశోధన స్థావరాన్ని నడుపుతున్నది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. కారా సముద్రంలో మంచు తగ్గడానికీ మధ్య భారతంలో సెప్టెంబరు కుంభవృష్టికీ సంబంధం ఉండవచ్చని ఆ కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో రాశారు. ఉండవచ్చు అన్నది వారి మాటే.

అంటార్కిటికా

దక్షిణ ధ్రువం చుట్టూ మంచు 2015 దాకా నికరంగా తగ్గలేదు. 2016లో హఠాత్తుగా పడిపోయి, 2023 ఫిబ్రవరిలో 17.9 లక్షల చ.కి.మీ.తో రికార్డు కనిష్ఠానికి చేరింది. ఆ ఏడాది చలికాలంలో మంచు బాగా కొరవడిన ప్రాంతాల్లో సముద్రం నుంచి గాలిలోకి పోయే వేడి పెరిగిందని, తుఫాను రోజులు నెలకు ఏడు దాకా అదనంగా వచ్చాయని సైమన్ జోసీ బృందం 2024 చివర్లో ప్రచురించింది. ఇది ఒక్క చలికాలపు లెక్క.