మక్కా వాకిలి: సూరత్ బందరు

తాపీ నదికి పశ్చిమపు గట్టున, నేడు బహుళ అంతస్తుల గృహములతో నిండియున్న అడాజన్‌ను ఆనుకొని రాందేర్ అను ప్రాచీన పట్టణము కలదు. ఆవలి గట్టున సూరత్ ఒక సామాన్యమైన ఊరుగా ఉన్న కాలముననే రాందేర్ పేరు సముద్రముల కావల వినబడుచుండెను. పదునారవ శతాబ్ది తొలిపాదమున ఈ తీరమును వర్ణించిన పోర్చుగీసు రచయిత బార్బోసా, ఇచటి మహమ్మదీయ వర్తకుల ఇండ్ల ముందుగదులలో గోడల పొడవున అరలుండుననియు, వానినిండ చీనా దేశపు పింగాణి పాత్రలు అమర్చియుండుననియు వ్రాసెను. మలక్కా, బర్మా, చీనా సరకులు ఈ వీధులలో దొరకెడివి. ఖడ్గముతో కాక తూనికకోలతో వచ్చిన ఇస్లాము ఇది. మన పాఠ్యగ్రంథములలో దీనికి లభించిన చోటు మిక్కిలి స్వల్పము.

1530లో అంతోనియో ద సిల్వెయిరా నాయకత్వమున పోర్చుగీసువారు నదిలోనికి చొరబడి సూరత్‌ను, రాందేర్‌ను దగ్ధము చేసిరి. రాందేర్ వైభవ మంతటితో వెనుకబట్టెను. సూరత్ మాత్రము కోలుకొన్నది. గుజరాతు సుల్తాను మూడవ మహమూదు ఆజ్ఞపై ఖుదావంద్ ఖాన్ అను బిరుదు వహించిన అధికారి 1540 దశకమున నది ఒడ్డున దుర్గమును నిర్మించెను. రాళ్లను ఇనుప బందులతో బిగించి, సందులలో కరగిన సీసము పోసిరని ప్రసిద్ధి. ఆ కోట నేటికిని నిలిచియున్నది.

ఈ దుర్గము లేచిన కొలది కాలమునకే ఒక విచిత్రమైన అతిథి సూరత్ చేరెను. తురుష్క చక్రవర్తి సులేమాను నౌకాధిపతియైన సీదీ అలీ రయీసు 1554లో ఒమాను తీరమున పోర్చుగీసు వారితో పోరాడి, పిదప తుపానులో చిక్కి, శిథిలమైన కొలది ఓడలతో గుజరాతు తీరమున పడెను. ఓడలను సూరత్‌లో విడిచి, అహమ్మదాబాదు చేరి, ఆ సంవత్సరాంతమున “ముహీత్” అను నౌకాశాస్త్ర గ్రంథమును రచించెను. ఇబ్న్ మాజిద్, సులేమాన్ అల్ మహ్రీ వంటి అరబ్బు నావికుల విద్య అందు సంగ్రహింపబడినది. ముడులు వేసిన దారమునకు ఒక చిన్న చెక్కపలకను కట్టి, దారపు కొసను పండ్ల నడుమ పట్టుకొని, ధ్రువనక్షత్రపు ఎత్తును కొలిచి తామున్న అక్షాంశము నెరుగుట ఆ విద్యలోని భాగము. (వాస్కో డ గామాకు దారి చూపినవాడు ఇబ్న్ మాజిదే యను కథ బహుళ ప్రచారమందున్నది కాని, ఆధునిక చరిత్రకారులు దానిని అంగీకరించుట లేదు.) సర్వము కోల్పోయిన నౌకాధిపతి పరదేశమున కూర్చుండి శాస్త్రగ్రంథము వ్రాయుట! ఒక నాగరికతకు కొలమానము వెదకువారికి ఈ ఒక్క దృష్టాంతము చాలును. సీదీ అలీ భూమార్గమున ఢిల్లీ చేరి, 1556లో హుమాయూను మరణించిన సమయమున అచటనే ఉండి, 1557లో ఇస్తాంబూలు చేరుకొనెను.

1573లో అక్బరు సూరత్ కోటను ముట్టడించి జయించెను. పడమటి సముద్రమున మొగలులకు ఇది ప్రధాన ద్వారమైనది. పారసీక పత్రములలో దీనికి “బందర్-ఎ-ముబారక్” అని పేరు, అనగా శుభమైన రేవు. మచిలీపట్టణమును బందరని పిలుచుకొను ఆంధ్రులకు ఈ పదము పరాయిది కాదు. ఆ బందరు నుండియు గోల్కొండ సుల్తానుల ఓడలు ఎర్రసముద్రమునకు పోవుచుండెడివి. సూరత్ రేవుపై పాదుషా నియమించు అధికారికి “ముతసద్ది” అని పేరు. మనకది ముత్సద్ది యైనది. జమ, ఖర్చు, వసూలు, దస్తావేజు మొదలగు మాటలు మన కచ్చేరీ దస్త్రములలో కుదురుకొన్నదియు ఆ పారసీక పాలనా సంప్రదాయము వలననే.

సూరత్‌కు “మక్కా వాకిలి” అను పేరు తెచ్చినది హజ్ యాత్ర. ఏటేట వసంతకాలమున ఓడలు జిద్దా, మోఖా రేవులకు బయలుదేరి, నైరృతి పవనముల అనుకూలత చూచుకొని తిరిగివచ్చెడివి. యాత్రికుడును, నూలు వస్త్రముల మూటయు ఒకే ఓడలో ప్రయాణము చేసిరి. అయితే భూమిపై ఎదురులేని పాదుషాకు సముద్రముపై అధికారము లేదు. పోర్చుగీసు వారి అనుమతి పత్రము లేనిదే ఓడ కదలరాదు. ఆ పత్రముపై మేరీమాత, ఏసుక్రీస్తుల ప్రతిమలుండెను. సముద్రమున ఈ పత్రము, భూమార్గమున షియాల బాధ ఉన్నందున హజ్ విధి కాదని అక్బరు ఆస్థాన ధర్మవేత్త మఖ్దూముల్ ముల్క్ తీర్పు చెప్పినట్లు బదాయూనీ వ్రాసెను. బాబరు కుమార్తె, అక్బరు మేనత్త గుల్బదన్ బేగము ఆ వాదమును లెక్కసేయలేదు. 1575లో ఫతేపూర్ సిక్రీ నుండి అంతఃపుర స్త్రీలతో బయలుదేరి, అనుమతికై సూరత్‌లో సుమారొక సంవత్సరము వేచి, 1576లో ఓడ ఎక్కెను. తిరుగు ప్రయాణమున ఏడెన్ వద్ద ఓడ భగ్నమై చిక్కుపడి, 1582లో గాని రాజధాని చేరలేదు. పాదుషా మేనత్తకే ఇంత నిరీక్షణ కాగా, సామాన్య యాత్రికుని గతి ఊహింపదగినదే.

అట్టి సామాన్యుని కొరకై షాజహాను కాలమున, 1644లో, హకీకత్ ఖాన్ సూరత్‌లో ఒక విశాలమైన సత్రమును కట్టించెను. అదియే మొగల్‌సరాయి. కాలక్రమమున అది చెరసాలగా కూడ ఉపయోగపడి, 1867లో పురపాలక సంఘపు కార్యాలయమైనది. సమాధులకును, కోటలకును లభించిన కీర్తి ఈ సత్రములకు లభింపకపోవుట న్యాయము కాదు.

1695 సెప్టెంబరులో యాత్రికులతో జిద్దా నుండి తిరిగివచ్చుచున్న “గంజ్-ఎ-సవాయి” అను ఓడను ఆంగ్ల సముద్రపుదొంగ హెన్రీ ఎవరీ పట్టుకొనెను. అది ఔరంగజేబు సొంత ఓడ. దానిపై 80 ఫిరంగులు, 400 తుపాకులు ఉండెనని ఖాఫీ ఖాన్ వ్రాసెను. పోరాటమున ఓడలోని ఒక ఫిరంగి పగిలి సొంతవారినే చంపెను. ఓడ అధిపతి ఇబ్రహీం ఖాన్ ధైర్యము చెడి లోపలికి పారిపోయెను. 52 లక్షల రూపాయల వెండి బంగారములు పోయినవని ఖాఫీ ఖాన్ లెక్క. ధనము మాట అటుండగా, యాత్రికస్త్రీలకు జరిగిన అవమానము సూరత్‌ను మండించెను. పట్టణమున ఆంగ్ల వర్తకులను సంకెళ్లు వేసి నిర్బంధించిరి. ఎవరీ దొరకలేదు. అతని అనుచరులు కొందరిని 1696లో లండనులో ఉరితీసిరి. పాదుషా యూరోపియను కంపెనీల చేత యాత్రానౌకలకు కాపలా ఒప్పందములు వ్రాయించుకొనెను. సామ్రాజ్య బలహీనత ఇచట బయటపడినది. లక్షల సైన్యముతో దక్కనులో సంవత్సరముల తరబడి దండు విడిసియున్న చక్రవర్తి, తన ప్రజల నౌకలను కాపాడుటకు పరదేశీయుల యుద్ధనౌకలపై ఆధారపడవలసి వచ్చెను.

అదే దాడిలో “ఫతే మహమ్మదీ” అను మరియొక ఓడయు దోపిడీకి గురియైనది. అది బోహ్రా వర్తకుడైన ముల్లా అబ్దుల్ గఫూర్‌ది. ఏటికి ఇరువదికి పైగా ఓడలను నడపిన ఇతని వ్యాపారము ఆంగ్ల కంపెనీ వ్యాపారమునకు సమానమని హామిల్టన్ అను స్కాట్లండు నావికుడు వ్రాసెను. 1718లో అతడు మరణించునాటికి మొగలు రాజ్యమే శిథిలమగుచుండెను. 1759లో ఆంగ్లేయులు సూరత్ కోటను వశపరచుకొనిరి. బొంబాయి పెరిగి, సూరత్ తగ్గెను.

రాందేర్ వర్తకులు మాత్రము తమ పూర్వుల దారినే మరల పట్టిరి. పందొమ్మిదవ శతాబ్దమున వారు రంగూను చేరి, పెద్ద అంగళ్లు పెట్టి, మొగల్ వీధిలో సూర్తీ మసీదును కట్టిరి. ఆ కాలముననే కాకినాడ, కోరంగి తీరముల నుండి వేలాది తెలుగు శ్రామికులు అదే రంగూను రేవున మూటలు మోయ నారంభించిరి. స్థానికులు వారిని “కోరంగీలు” అనిరి. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొన్న దినములలో రాందేర్ వారును, తెలుగు వారును వేలసంఖ్యలో ఆ నగరమును విడిచిరి. ఓడలు దొరకని వారు అరకాను కొండలు, అస్సాము అడవుల గుండ కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి.